అజ్టెక్కుల మహాశిలలు

ఒక జాతి జయింపబడినప్పుడు దాని రాజ్యము మాత్రమే పోదు. దాని దేవతలను, దాని జ్ఞాపకములను గూడ జయించినవారు మట్టిలో గలుపుదురు. అయినను శిల తాటాకువలె కాలిపోవునది కాదు. మెక్సికో దేశపు అజ్టెక్కుల చరిత్రమే యిందుకు సాక్ష్యము.

అజ్టెక్కులు 1325వ సంవత్సరమున ఒక సరస్సు నడుమ దీవిపై టెనోచ్‌టిట్లాన్ నగరమును స్థాపించిరని వారి ఐతిహ్యము. 1521 ఆగస్టు 13వ తేదీన అది కోర్టెస్ సేనానికిని, అతనితో గూడిన స్థానిక జాతులకును వశమయ్యెను. స్పెయినువారు ఆలయములను కూలగొట్టి, ఆ రాళ్లతోనే తమ నూతననగరమును కట్టుకొనిరి. సరిగా 269 సంవత్సరములకు, 1790 ఆగస్టు 13వ తేదీననే, ఆ నగరపు నడిబొడ్డున నేల చదును చేయుచున్న కూలీలకు ఒక పెద్ద విగ్రహము దొరకెను. అది కోవాట్లిక్వే, అనగా సర్పములనే చీరగా గట్టిన దేవమాత. ఆ డిసెంబరు 17వ తేదీన సూర్యశిల బయటపడెను.

ఈ శిల్పులు ఇనుము నెరుగరు. గట్టిరాతి పనిముట్లతో గొట్టి, ఇసుకయు నీరును జల్లి రుద్ది, అగ్నిపర్వతశిలను మలచిరి. బండ్లు లేవు, బండిలాగు పశువులును లేవు. మోకులు కట్టి మనుష్యులే యీడ్చిరి. సూర్యశిల వ్యాసము సుమారు 3.6 మీటర్లు, బరువు దాదాపు 24 టన్నులు!

దానిని పంచాంగమని పలువురందురు గాని, అది దినము చూచుకొనుటకు చేసినది కాదు. నడుమ నాలుక చాచిన ముఖము. ఇరుప్రక్కల మానవహృదయములను బట్టిన గోళ్లు. చుట్టును నాలుగు గడులలో గతించిన నాలుగు యుగములు: పులులచేతను, గాలిచేతను, అగ్నివర్షముచేతను, జలప్రళయముచేతను నశించినవి. ఇప్పటిది ఐదవది, భూకంపముచే నశించునట. సూర్యుడు నడచుటకు నరరక్తము కావలెనని వారి నమ్మకము. బలికి బందీలు, బందీలకు యుద్ధములు! ప్రళయభయమే ఈ విధముగా సామ్రాజ్యమునకు ఊతకోల యయ్యెను. 1978లో దొరకిన కొయొల్షౌకి శిల యిదే చెప్పును. తమ్ముడైన యుద్ధదేవుడు ఖండించిన అక్క రూపమది. మహాలయపు మెట్లక్రింద, బలియైనవారి దేహములు దొర్లిపడుచోట, దానిని పరచిరి. ఎదిరించినవారి గతి యిదియని చెప్పుటకు వేరే శాసన మేల?

ఇక దొరకిన శిలల గతి వినుడు. సూర్యశిలను గణితజ్ఞానచిహ్నముగా నెంచి ప్రధాన దేవాలయపు గోడకు నిలిపిరి; 1885లో అది ప్రదర్శనశాలకు జేరెను. కోవాట్లిక్వేను మాత్రము విశ్వవిద్యాలయమున నుంచగా, స్థానికులు దీపములతో వచ్చి మ్రొక్కిరి. పండితులును మతగురువులును భయపడి దానిని మరల పాతిపెట్టిరి. 1803లో హంబోల్టు పండితుడు కోరగా త్రవ్వి చూపి, తిరిగి పూడ్చిరి. లెక్కలు గల రాతిని గౌరవింపవచ్చును; మ్రొక్కులందుకొను రాతిని ఓర్వలేకపోయిరి.

నరబలిని మనము సమర్థింపలేము. బలియైనవారు కూడ తల్లులు కన్న బిడ్డలే. శిల్పసౌందర్యమును బొగడుచు వారిని మరచుట అన్యాయము. అట్లని దానినే సాకుగా జూపి ఒక జాతి సర్వస్వమును అనాగరికమనుటయు న్యాయము కాదు. ఆ బలులను జూచి అసహ్యించుకొన్నవారే 1519లో చొలూలా నగరమున నిరాయుధులను ఊచకోత కోసిరి. గతమును పాతిపెట్టువాడును, దాని నెత్తురును గడిగి చూపువాడును చరిత్రకు సమానముగా ద్రోహులే.

కోవాట్లిక్వే విగ్రహపు టడుగున, నేల కానుకొను భాగమునందు గూడ, భూదేవత రూపము చెక్కబడియున్నది. నిలిపిన పిమ్మట దానిని ఏ మానవుడును చూడజాలడు. అయినను శిల్పి ఆ పనిలో లోపము చేయలేదు. అతనిది భయమో, భక్తియో. ఆ శ్రద్ధ మాత్రము నిజము. ఆ శ్రద్ధకు నమస్కరించుచునే, అది యెవరి యధికారమునకు సేవ చేసెనో యడుగుట మన విధి.