రిజిస్టరులోని పేరు నుంచి గదిలో చోటు దాకా
యాభై ఏళ్ల అంగన్‌వాడీ, ప్రత్యేక అవసరాలున్న పిల్లలు

1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల ప్రయోగాత్మకంగా సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) మొదలైనప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు రెండు ప్రాజెక్టులు వచ్చాయి. ఒకటి ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు, రెండోది అనంతపురం జిల్లా కంబదూరు. ఒకటి గోండు, కొలాం గూడేల అడవి సీమ. రెండోది వాన కోసం ఎదురుచూసే మెట్ట ప్రాంతం. ఆ రెండుచోట్ల పడిన అడుగు ఈ రోజు ఆంధ్రప్రదేశ్‌లో 55,607 అంగన్‌వాడీ కేంద్రాలుగా, తెలంగాణలో 35,700 కేంద్రాలుగా విస్తరించింది.

ఈ స్వర్ణోత్సవ సంచికలో అన్నం గురించి, గుడ్డు గురించి, టీకాల గురించి చాలామంది రాస్తారు, రాయాలి కూడా. సూపర్‌వైజరుగా సెక్టారు తిరిగిన దాన్ని కనుక నేను మరో సంగతి రాస్తాను. నడక రాని బిడ్డకు, మాట రాని బిడ్డకు, చెవి వినపడని బిడ్డకు, నలుగురిలో కలవలేని బిడ్డకు ఈ ఒంటి గది కేంద్రం ఏం చేసింది, ఇంకా ఏం చేయాలి అన్నదే ఆ సంగతి.

మైదాన ప్రాంతంలో ఒక అంగన్‌వాడీ పరిధి 400 నుంచి 800 జనాభా. ఏ ఇంట్లో ఎవరు నిండు చూలాలో, ఎవరి బిడ్డకు నిన్న జ్వరం వచ్చిందో టీచరుకు తెలిసేంత చిన్న పరిధి అది. ఆమె సర్వే రిజిస్టరులో కేంద్రానికి వచ్చే పిల్లల పేర్లతోపాటు రాని పిల్లల పేర్లూ ఉంటాయి. ఆసుపత్రి తన దగ్గరికి వచ్చినవాళ్లను చూస్తుంది. అంగన్‌వాడీ మాత్రం ఇల్లు కదలని బిడ్డను కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల విషయంలో మన యాభై ఏళ్ల చరిత్ర అంటే, రిజిస్టరులో ఉన్న ఆ పేరుకు గదిలో చోటు దొరకడానికి పట్టిన కాలమే.

మొదటి దశ: వైకల్యం రాకుండా కాపాడటం

ఐసీడీఎస్ ఆరు సేవలతో మొదలైంది. అనుబంధ పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పై ఆసుపత్రికి పంపడం, పోషకాహార ఆరోగ్య విద్య, పూర్వ ప్రాథమిక విద్య. వీటిలో వైకల్యం అన్న మాట పేరుగా ఎక్కడా లేదు. అయినా తొలి దశాబ్దాల్లో అంగన్‌వాడీ చేసిన పెద్ద సేవ వైకల్యాన్ని ఆపడమే.

ఆ రోజుల్లో ఏ ఊరికి వెళ్లినా పోలియోతో కాలు చచ్చుబడిన పిల్లలు కనిపించేవారు. విటమిన్ ఎ లోపంతో చూపు పోగొట్టుకున్న పిల్లలు ఉండేవారు. విటమిన్ ఎ మీద మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన పరిశోధనే 1970లో జాతీయ కార్యక్రమానికి దారి తీసింది. తొమ్మిదో నెలలో మొదలుపెట్టి ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి పట్టే ఆ మందును పల్లె పిల్లల నోటిదాకా తీసుకెళ్లినవారు ఏఎన్‌ఎం, అంగన్‌వాడీ టీచరు.

1995లో పల్స్ పోలియో వచ్చింది. ఆదివారం తెల్లవారుజామునే బూత్ తెరవడం, ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగి వేలికి సిరా గుర్తు లేని పిల్లలను వెతకడం మన టీచర్లకు, ఆయాలకు ఏటా ఒక యజ్ఞమైంది. దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది. 2014 మార్చి 27న భారతదేశం ఉన్న ప్రాంతానికి పోలియో రహిత ధ్రువీకరణ దక్కింది. ఈ రోజు మన కేంద్రాల్లో పోలియో కాలుతో ఒక్క పిల్లవాడూ కనిపించడు. ఆ గెలుపులో సిరా మరకల చేతులతో ఎండలో తిరిగిన ఆడవాళ్ల పాలు ఎంతో ఉంది.

అయితే అప్పటికే వైకల్యం ఉన్న బిడ్డ మాత్రం ఇంట్లోనే ఉండిపోయాడు. అతని వంతు పిండి, గుడ్డు ఇంటికి చేరేవి. అతను కేంద్రానికి చేరేవాడు కాదు. తల్లి సిగ్గుపడి తీసుకురాలేదు, మనకూ పిలవాలని తోచలేదు.

రెండో దశ: తొందరగా గుర్తించడం

1984లో సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. పసితనంలోనే గుర్తించి, తల్లికి నేర్పి, ఇంట్లోనే సాధన చేయించాలన్న ఆలోచనకు మన గడ్డ మీద అది పెద్ద ఆసరా అయింది. 1995 వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. 2016 చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది. ఆటిజం, నిర్దిష్ట అభ్యసన లోపాలు వంటివి చట్టంలోకి వచ్చాయి. ఏడాదికి ఒక్కసారైనా పిల్లలందరినీ పరీక్షించాలని, ప్రజలకు వైకల్యం గురించి తెలియజెప్పే పనిలో అంగన్‌వాడీ కార్యకర్తలూ ఉండాలని 2016 చట్టమే చెప్పింది.

పనిలో మార్పు తెచ్చింది 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, చిన్ననాటి జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం అనే నాలుగింటిని పట్టుకోవడం దాని పని. ఇద్దరు డాక్టర్లు, ఒక ఏఎన్‌ఎం, ఒక ఫార్మసిస్టు ఉన్న బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వస్తుంది. అనుమానం ఉన్న బిడ్డను జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతుంది.

డాక్టరు ఏడాదికి రెండుసార్లు వస్తే టీచరు రోజూ చూస్తుంది. నాలుగు నెలలు నిండినా మెడ నిలపని బిడ్డ, తొమ్మిది నెలలకూ ఆసరా లేకుండా కూర్చోని బిడ్డ, ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరగని బిడ్డ, ఏడాదిన్నరకూ నడవని బిడ్డ, రెండేళ్లకూ రెండు మాటలు కలిపి పలకని బిడ్డ ముందు ఆమె కంటికే ఆనతారు. బాలామృతం ప్యాకెట్టు ఇచ్చేటప్పుడు, బరువు తూచేటప్పుడు, గృహ సందర్శనకు వెళ్లినప్పుడు ఆమె కళ్లు ఈ లెక్క వేస్తూనే ఉండాలి.

ఆలస్యం చేస్తే ఎంత నష్టమో తల్లిదండ్రులకు అర్థమయ్యేలా చెప్పాలి. పుట్టుకతో వంకర తిరిగిన పాదాన్ని మొదటి వారాల్లోనే చూపిస్తే వారం వారం మార్చే పిండికట్లతో చాలావరకు సరిచేయవచ్చు. పుట్టుచెవుడున్న బిడ్డకు మాట నేర్చుకునే వయసు దాటకముందే వినికిడి యంత్రమో, కాక్లియర్ ఇంప్లాంటో అందాలి. ఆ శస్త్రచికిత్స ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఉన్నా, సమయానికి తీసుకెళ్లేవాళ్లు లేకపోతే ఆ బిడ్డకు దక్కదు.

తల్లికి చెప్పడమే అన్నిటికన్నా కష్టం. "వాళ్ల మేనమామకూ నాలుగేళ్లకే మాటలొచ్చాయి" అని నాయనమ్మ కొట్టిపారేస్తుంది. "నా కడుపున ఇలా పుట్టాడా" అని తల్లి కుమిలిపోతుంది. అక్కడ మన టీచర్లు పుస్తకంలో లేని నేర్పు చూపించారు. జబ్బు పేరు పెట్టరు. "వదినా, బాబును ఒకసారి డాక్టరుగారికి చూపించుకొద్దాం, నేనూ వస్తాను" అంటారు. ఆ 'నేనూ వస్తాను' వల్ల ఎన్ని కుటుంబాలు బస్సెక్కాయో లెక్క ఏ నివేదికలోనూ కనిపించదు.

మూడో దశ: గదిలో చోటు

2023 నవంబరు 28న కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ దివ్యాంగ బాలల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్‌ను విడుదల చేసింది. ముందుగా గుర్తించడం, బిడ్డను కేంద్రంలోనూ ఊరి కార్యక్రమాల్లోనూ కలుపుకుంటూ కుటుంబానికి ధైర్యమివ్వడం, ఆశా, ఏఎన్‌ఎం, బాల స్వాస్థ్య బృందాల ద్వారా వైద్యసాయం అందించడం అని మూడు మెట్లు చెప్పింది. 2024 మార్చిలో వచ్చిన నవచేతన, ఆధారశిల పుస్తకాలు ఆరేళ్లలోపు పిల్లల ఆటపాటలను వయసువారీగా అమర్చాయి. ఆ ఆటల్లో దివ్యాంగ పిల్లలకూ చోటు ఉండాలన్నాయి.

గదిలో చోటు అంటే ఏమిటో ఒక కేంద్రంలో చూశాను. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బాబు. ఒళ్లంతా బిగుసుకుపోయి ఉండేది. రోజూ వాళ్ల అమ్మమ్మ ఎత్తుకొచ్చేది. టీచరు రెండు గోడలు కలిసే మూల దుప్పటి మడతపెట్టి, వీపు ఆనేలా కూర్చోబెట్టింది. రెండు చేతులూ ముందుకొచ్చాయి, తల నిలిచింది, తోటి పిల్లల ముఖాలు కనబడ్డాయి. చెంచా కాడకు గుడ్డ చుట్టి లావు చేసింది. అన్నం పప్పుతో మెత్తగా కలిపి, తల వెనక్కి వాల్చకుండా, కొద్దికొద్దిగా తినిపించడం ఆయాకూ అమ్మమ్మకూ డాక్టరు చెప్పినట్టే నేర్పింది. కొన్ని నెలలకు పాటలో చప్పట్ల వంతు వస్తే ఆ బాబు అరుపుతో తన వంతు తాను పలికేవాడు. పిల్లలంతా ఆ అరుపు కోసం ఆగేవారు.

ఇలాంటి సర్దుబాట్లకు ఖర్చు లేదు, గమనింపు కావాలి. వినికిడి తక్కువున్న బిడ్డను ముందు కూర్చోబెట్టి, వెలుతురు టీచరు ముఖం మీద పడేలా నిలబడి, చేతి సైగలతో కథ చెప్పాలి. చూపు తక్కువైన బిడ్డకు చింతగింజలు, సీసా మూతలు, ఇసుక కాగితం వేళ్లకు పాఠం చెబుతాయి. గోలకు బెదిరిపోయే ఆటిజం బిడ్డకు గదిలో ఒక నెమ్మది మూల ఉండాలి. ఇప్పుడు పాట, తర్వాత భోజనం, ఆ తర్వాత నిద్ర అని బొమ్మల వరుస చూపించి ముందే చెబితే ఆ బిడ్డకు రోజు భయం లేకుండా గడుస్తుంది. నిదానంగా నేర్చుకునే బిడ్డకు చేయి కడుక్కోవడాన్ని కూడా నాలుగు చిన్న పనులుగా విడగొట్టి నేర్పాలి.

ఇందులో మిగతా పిల్లలకు దక్కేది తక్కువేం కాదు. మూడేళ్ల వయసులో పక్కన కూర్చుని తిన్నవాడిని పదేళ్ల వయసులో వెక్కిరించడానికి నోరు రాదు.

ముందున్న పని

చేసింది చెప్పుకున్నాక చేయాల్సిందీ ఈ సంచికలోనే నమోదు కావాలి.

2016 చట్టం నిర్ణీత స్థాయి వైకల్యమున్న పిల్లలకు ఇచ్చిన ఉచిత విద్యా హక్కు ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా వర్తిస్తుంది. మెదడు వేగంగా ఎదిగే మొదటి ఆరేళ్లలో పల్లెటూరి బిడ్డకు ఇంటి దగ్గర ఉన్న ఆసరా అంగన్‌వాడీ ఒక్కటే. అందుకే ఈ పిల్లలను చూసుకోవడంలో శిక్షణ టీచరు ఇష్టానికి వదిలేసే అదనపు పని కాకూడదు. సెక్టార్ మీటింగులో ప్రతినెలా ఒక బిడ్డ గురించి మాట్లాడుకోవాలి. మండలంలో ఉన్న భవిత కేంద్రం ప్రత్యేక ఉపాధ్యాయులు, ఫిజియోథెరపిస్టు ఆరేళ్లలోపు పిల్లల కోసం అంగన్‌వాడీకి వచ్చి టీచరు చేతితోనే చేయించి చూపాలి. బిడ్డను చూపించడానికి జిల్లా కేంద్రానికి వెళ్లే తల్లికి ఆ రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ అవుతుంది. ఆ భారం తీరకపోతే రెండోసారి వెళ్లదు. వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం క్యాంపు తేదీ ముందుగా తెలియాలి, పత్రాలు సిద్ధం చేయడంలో ఊరి సిబ్బంది తోడుండాలి. కొత్తగా కట్టే ప్రతి భవనానికి ర్యాంపు, పట్టుకుని లేవడానికి కమ్మీ ఉన్న మరుగుదొడ్డి ఉండాలి.

టీచరు, ఆయాల గౌరవ వేతనం, పనిభారం మాటా ఇక్కడే చెప్పాలి. సర్వే, ఫోనులో వివరాల నమోదు, భోజనం, ఆటపాట, గృహ సందర్శన అన్నీ ఒకరి మీదే పడితే ప్రత్యేక శ్రద్ధకు ఆమె దగ్గర సమయం మిగలదు. బిడ్డకు న్యాయం చేయాలంటే ఆ బిడ్డను చూసుకునే మనిషికి ముందు న్యాయం జరగాలి.

చివరిగా ఒక్క పని, రేపటి నుంచే మొదలుపెట్టదగినది. ఆరో ఏట బిడ్డ ఒకటో తరగతికి వెళ్లేటప్పుడు పేరు, పుట్టిన తేదీతో పాటు అతని సంగతులు కూడా బడికి చేరాలి. ఏం తినగలడు, ఎలా కూర్చుంటే సుఖం, దేనికి భయపడతాడు, దేనికి నవ్వుతాడు, ఏ మాటకు స్పందిస్తాడు, ఏ డాక్టరు చూస్తున్నారు అన్నవి ఒక కాగితం మీద రాసి, తల్లిని వెంటబెట్టుకుని టీచరు స్వయంగా బడి పంతులుగారికి అప్పగించాలి. మూడేళ్లు సంపాదించిన ఆ ఎరుక బడి గడప దగ్గర ఆగిపోతే బిడ్డ మళ్లీ ఇంటికే చేరతాడు. ఆ కాగితం అందితే రెండో యాభై ఏళ్లలో మన పని బడిలో కొనసాగుతుంది.