గోదావరి హద్దు, కోతి జ్ఞాపకం

రావులపాలెం చరిత్ర అనగానే గౌతమి వంతెన, అరటి మార్కెట్ యార్డు గుర్తొస్తాయి. కోతుల చరిత్రకూ గోదావరి ఒక గీతే. ఉత్తరాన రీసస్ కోతి, దక్షిణాన బోనెట్ కోతి అంటూ జీవశాస్త్రజ్ఞులు చాలాకాలం తూర్పున గోదావరినే హద్దుగా చెప్పారు. ఆ హద్దు నిలవలేదు. రీసస్ కోతులు నది దాటి వచ్చాయి. ఒకచోట పట్టి మరోచోట వదలడం కూడా కారణం కావచ్చని పరిశోధకుల అనుమానం. అరటితోటలోంచి తరిమితే పోతుందనుకున్న కోతి తిరిగొచ్చేది ఆకలి వల్లనే కాదు, చోటు గుర్తుండటం వల్ల కూడా అన్నది నా వాదన.

1973లో పరిశోధకుడు ఎమిల్ మెంజెల్ ప్రయోగంలో ప్రతిసారీ ఒక చింపాంజీని ఎత్తుకుని తిప్పుతూ, దాని కళ్లముందే 18 చోట్ల తిండి దాచారు. వదిలాక అది సగటున 12కు పైగా చోట్లను కనుక్కుంది. అదీ చూపిన వరుసలో కాదు, దగ్గరి దారిన. వాసనే కారణమైతే దాచడం చూడని చింపాంజీలకూ అంతే దొరకాలి. వాటికి దాదాపు ఏమీ దొరకలేదు. చింపాంజీ కోతి కాదు కదా అంటే, అదీ న్యాయమే. కానీ 1991లో మరో పరిశోధకుడు చార్లెస్ మెంజెల్ జపాన్ కోతులకు అకాలంలో అకేబి పండు చూపిస్తే, అవి ఆ తీగలున్న చోట్లకు వెళ్లి వెతికాయి. మన తోటల్లోనూ అంతే: అరటిచెట్టు ఒక్క గెలతో ముగిసినా పిలక అక్కడే లేస్తుంది. చెట్టు మారినా చోటు మారదు. కోతికి కావలసిన గుర్తు అదే.