రోజా, షుగర్: ఫోన్‌లో వచ్చే సలహా నిజమో కాదో పరిశోధన పత్రాల్లో ఇలా వెతకండి

క్రోసూరు: రంజాన్ దగ్గర పడితే చాలు, ఫోన్లలో ఆరోగ్య సలహాలు మొదలవుతాయి. సెహ్రీలో ఫలానాది తింటే చాలని ఒకరు, రోజా ఉంటే షుగర్ పూర్తిగా పోతుందని ఇంకొకరు పంపుతుంటారు. ఇంట్లో షుగర్ మాత్రలు వేసుకునే అమ్మీ, అబ్బా ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. క్రోసూరులో ఉండి కూడా అసలు పరిశోధన ఏం చెబుతోందో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. న్యూట్రిషన్ చదివే పిల్లలకూ ఇదే దారి.

ఎక్కడ వెతకాలి?

పబ్‌మెడ్: అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడుపుతోంది. వెతకడం ఉచితం. చాలా పత్రాలకు సారాంశం మాత్రమే కనిపిస్తుంది. 'ఫ్రీ ఫుల్ టెక్స్ట్' అనే ఫిల్టర్ నొక్కితే పూర్తిగా చదవగలిగేవే మిగులుతాయి.

గూగుల్ స్కాలర్: పేరు పక్కన పీడీఎఫ్ లింకు ఉంటే నేరుగా తెరవొచ్చు.

శోధ్‌గంగ, కృషికోశ్: మన దేశ యూనివర్సిటీల థీసిస్‌లు శోధ్‌గంగలో, వ్యవసాయ యూనివర్సిటీలవి కృషికోశ్‌లో దొరుకుతాయి.

జాతీయ పోషకాహార సంస్థ: 1918లో కూనూరులో మొదలై, తర్వాత హైదరాబాద్ తార్నాకకు మారింది. మనం తినే 528 ఆహార పదార్థాల్లో ఏ పోషకం ఎంత ఉందో 2017లో పట్టికలుగా ఇచ్చింది. 2024లో భారతీయులకు ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది.

ప్రభుత్వ కాలేజీల విద్యార్థులు లైబ్రేరియన్‌ను 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' గురించి అడగాలి. 2025 జనవరి 1న మొదలైన ఈ పథకంలో 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నల్స్ ఉన్నాయి.

ఏ మాటలతో వెతకాలి?

పత్రాలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి. మనం 'రంజాన్' అంటాం, పత్రాల్లో 'రమదాన్' అని రాస్తారు. ఇంగ్లిష్‌లో జడ్ బదులు డి అక్షరంతో టైప్ చేయాలి. షుగర్ అని కాకుండా 'టైప్ 2 డయాబెటిస్' అని కొట్టాలి. రెంటి మధ్య 'అండ్' పెడితే రెండూ ఉన్న పత్రాలే వస్తాయి.

ఎలా చదవాలి?

ఇలా వెతికితే దొరికే ముఖ్యమైన పత్రం 'ఎపిడయార్'. 2001లో 13 దేశాల్లో 12 వేల మందికి పైగా షుగర్ పేషెంట్లను అడిగి చేసిన ఈ సర్వే 2004లో 'డయాబెటిస్ కేర్' జర్నల్‌లో వచ్చింది. టైప్ 2 వాళ్లలో షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం రంజాన్‌లో 7.5 రెట్లు పెరిగిందని అందులో ఉంది. ఈ ముక్క ఒక్కటే ఫార్వర్డ్ అయితే ఎవరైనా హడలిపోతారు. అసలు లెక్క చూస్తే, నెలకు 100 మందికి 0.4 సార్లు ఉన్నది 3 సార్లు అయింది. అంటే ఎక్కువ మందికి అలా జరగలేదు, కానీ ముప్పు పెరిగిన మాట నిజం. అందుకే 'ఎన్ని రెట్లు' అని చూసి ఆగకుండా 'ఎంత మందిలో' అన్నదీ చూడాలి. ఎవరి మీద చేశారు, ఎప్పుడు చేశారు, డబ్బు ఎవరిచ్చారు అన్నవి కూడా గమనించాలి. ఒక్క పత్రం కన్నా, చాలా అధ్యయనాలను కలిపి తేల్చిన 'సిస్టమాటిక్ రివ్యూ'కు బరువు ఎక్కువ.

అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య, డార్ కూటమి కలిసి 2021లో సవరించిన రంజాన్ మార్గదర్శకాలు ఉచితంగా దొరుకుతాయి. రోజా ఉండబోయే పేషెంటుకు ముప్పు తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా అని డాక్టర్ లెక్క వేసే పద్ధతి అందులో ఉంది. పత్రం చదివి మాత్రలు మనమే మార్చకూడదు. రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరకు వెళితే, ఏం అడగాలో తెలిసి అడగొచ్చు.