పడవ మీద ఎవరి పేరు?

కొన్నేళ్ళ క్రితం బర్మింగ్‌హామ్‌లో కాలువ గట్టున నడుస్తుండగా, రేవులో కట్టిన ఒక సన్నని పొడవాటి పడవ నన్ను ఆపింది. కప్పు మీద సౌరఫలకాలు, పక్కన కట్టెల మోపు, తెరిచిన కిటికీలో నల్లగుడ్డ మీద పరిచిన వెండి ఉంగరాలు, చెవిపోగులు. లోపల భార్యాభర్తలిద్దరు పనిచేసుకుంటున్నారు. ఆయన కమ్మచ్చులోంచి తీగ లాగుతున్నారు. ఆవిడ వెలిగారం పూసి టంకం పెడుతున్నారు. పట్టకారు, ఆకురాయి, చిన్న దాగలి - మన కంసాలి ఇంట్లో ఉండేవే అన్నీ. వారికి ఇల్లూ, పనిచోటూ, అంగడీ ఆ పడవే. "ఎంత హాయైన బ్రతుకు!" అనుకున్నాను. తరువాత ఆ కాలువల చరిత్ర చదువుతున్నకొద్దీ ఆ మాటను కొంత వెనక్కు తీసుకోవలసి వచ్చింది.

ఆ ఊళ్ళో నగలకూ కాలువకూ ఉన్నది పాత చుట్టరికమే. 1769లో వెడ్నెస్‌బరీ గనుల వైపు నుంచి కాలువ తెరవగానే బర్మింగ్‌హామ్‌లో బొగ్గు ధర దాదాపు సగానికి దిగింది. కొలిమి మీద బ్రతికే ఊరికి అంతకంటే ఏం కావాలి? వెండి వస్తువులకు నాణ్యత ముద్ర వేయించాలంటే మాత్రం చెస్టర్‌కో లండన్‌కో పంపవలసి వచ్చేది. మాథ్యూ బౌల్టన్ అనే పారిశ్రామికుడు పార్లమెంటును ఒప్పించి, 1773లో ఊరికి సొంత పరీక్షా కార్యాలయాన్ని సాధించాడు. దాని గుర్తు లంగరు. సముద్రం లేని ఊరికి లంగరు గుర్తు! నగల పనివారి పేటకు చేరువలోనే కాలువ 13 లాకులు దిగుతూ పోతుంది.

ఇక పడవలో కాపురం సంగతి. రైళ్ళు వచ్చాక కాలువల మీద కిరాయిలు పడిపోయాయి. రైలుకంటే నీటిదారే చవక అని మన కాటన్ దొర ఎంత పట్టుదలగా వాదించినా, అక్కడా ఇక్కడా చివరికి రైలే గెలిచింది. ఇంటి అద్దె, కూలివాని జీతం రెండూ మిగులుతాయని ఎందరో పడవవారు భార్యాబిడ్డలను పడవలోకి తెచ్చుకున్నారు. 70 అడుగుల పడవలో సింహభాగం సరుకుది. సంసారానికి దక్కినది వెనుకవైపున సుమారు 10 అడుగుల పొడవు, 7 అడుగుల లోపు వెడల్పు ఉన్న ఒక్క గది. పగలు మడిచి పెట్టే మంచం, తలుపు దించితే బల్లగా మారే అలమర, ఒక పొయ్యి.

ఆ గదిలోనే వారు గోడలకూ నీళ్ళ డబ్బాలకూ గులాబీలు, కోటలు చిత్రించుకున్నారు. అంచులకు అల్లికలు కట్టుకున్నారు, ఇత్తడి గుబ్బలు తళతళలాడించుకున్నారు. ఇంత సౌందర్యం వెనుక ఒక లెక్క ఉంది. కిరాయి టన్నుకింత అని పడవ యజమానికే ముట్టేది. చుక్కాని పట్టినా, గుర్రాన్ని నడిపినా, లాకు తలుపులు తోసినా భార్యకు వేరే కూలి లేదు. గది పక్కగోడ మీద యజమాని పేరో కంపెనీ పేరో పెద్ద అక్షరాలతో ఉండేది. ఆమె పేరు ఎక్కడా ఉండేది కాదు.

1875లో జార్జ్ స్మిత్ అనే సంస్కర్త ఈ పడవ జనం దుస్థితిని పుస్తకంగా రాశాడు. అతని పోరాటం వల్లనే 1877లోనూ, 1884లోనూ చట్టాలు వచ్చాయి. పడవలను నివాసాలుగా నమోదు చేసి, ఎందరుండవచ్చునో నిర్ణయించారు. అతనికి మురికి, నిరక్షరాస్యత కనిపించినంతగా ఆ గదిలోని కళ కనిపించలేదు. తరువాతివారిది సరిగ్గా వ్యతిరేకం. 1939లో టామ్ రోల్ట్, ఏంజెలా అనే కొత్త దంపతులు 'క్రెస్సీ' అనే పడవలో కాపురం పెట్టారు. 1944లో రోల్ట్ రాసిన 'నేరో బోట్' వెలువడి ఎందరినో కాలువల వైపు తిప్పింది, 1946లో కాలువల రక్షణ సంఘానికి దారితీసింది. అందులోని ఛాయాచిత్రాలు ఏంజెలావి. నేడు అందరికీ గుర్తున్నది రోల్ట్ పేరే. 1951లో వారు విడిపోయారు. ఆమె సర్కస్‌లో చేరింది.

1962-63 శీతకాలంలో కాలువలు వారాల తరబడి గడ్డకట్టాయి. అప్పటికే కొన ఊపిరితో ఉన్న సరుకు రవాణాకు అది దాదాపు చివరి దెబ్బ. ఖాళీ అయిన సరుకు కొట్లే తరువాత పడకగదులూ, పనిగదులూ అయ్యాయి.

నేను చూసిన దంపతులదీ పూర్తిగా హాయి కాదు. సొంత రేవు లేనివారు సాధారణంగా ఒకేచోట 14 రోజులకు మించి ఉండరాదని 1995 నాటి చట్టం. 2024 నుంచి అటువంటివారి లైసెన్సు రుసుము మీద అదనపు భారం కూడా పడింది. చలికాలంలో కొనేవారు తక్కువ, కట్టెల ఖర్చు ఎక్కువ. అద్దె భరించలేకనే పడవ ఎక్కామని ఆవిడే చెప్పారు. నూటయాభై ఏళ్ళ నాటి కారణం ఇంకా చావలేదన్నమాట.

తేడా ఒక్కచోట కనిపించింది. నేను కొన్న ఉంగరం చాలా తేలిక. 1973 చట్టం ప్రకారం 7.78 గ్రాముల లోపు వెండికి ముద్ర తప్పనిసరి కాదు. అయినా వేయించారు. లోపలివైపు 925 అంకె, లంగరు, తయారీదారు గుర్తుగా రెండక్షరాలు. ఒకటి ఆయన పేరులోనిది, ఒకటి ఆవిడ పేరులోనిది.

ఎందుకు శ్రమపడి వేయించారని అడిగితే, "ఇద్దరం చేసినది కదా!" అన్నారు ఆవిడ, టంకం నుంచి తల ఎత్తకుండానే.