వెట్టి, తిరుగుబాటు, విలీనం: తెలంగాణ పోరాట నాయకుల ప్రసంగ చరిత్ర

నిజాం రాజ్యంలో 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో తుపాకీకి ముందు నడిచింది మాట. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో నాయకులు ఊరూరా చేసిన ప్రసంగాల్లో మొదట వెట్టి, తర్వాత తిరుగుబాటు, చివరికి దేశం ముఖ్య విషయాలయ్యాయి.

అప్పటి నల్లగొండ జిల్లాలో దొర గడి ముందు చెప్పులతో నడిచే హక్కు కూడా పేదవాడికి లేదు. కుమ్మరి కుండలు, మాదిగ చెప్పులు, గొల్ల మేకపిల్ల ఊరికే ఇచ్చుకోవాలి. అధికారి ఊళ్లోకి వస్తే సామాను పక్క ఊరి దాకా మోయాలి. తీసుకున్న నాగు (గింజల అప్పు) తీరక తండ్రి అప్పుకు కొడుకు జీతం ఉండాలి. ఈ భగేలా ఒప్పందాలను అదుపు చేస్తామంటూ 1936లో సర్కారు ఒక నిబంధన తెచ్చింది గానీ, దాన్ని అమలు చేయాల్సిన పటేలు, పట్వారీలే గడి మనుషులు.

1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్ర మహాసభ తొలినాళ్ల భాష వినతిపత్రాల భాష. ప్రభువుకు విన్నవించడం, ఫర్మానా కోసం ఎదురుచూడడం. ఆ ధోరణి మారిన చోటు కోదాడకు దగ్గర్లోని చిలుకూరు. 1941లో అక్కడ జరిగిన మహాసభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. స్వయంగా భూస్వామి బిడ్డ, హరిజన సేవలోంచి వచ్చినవాడు. 1944 భువనగిరి సభకూ ఆయనే అధ్యక్షుడయ్యాక మితవాదులు వేరుపడ్డారు. విన్నపం పోయి హక్కు వచ్చింది. మహాసభ పల్లె జనం నోట 'సంగం' అయింది.

1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అప్పటిదాకా గుతుపలు, వడిసెలలతో ఎదురునిలిచిన జనానికి ఆ చావే పెద్ద ప్రసంగం. సూర్యాపేట తాలూకాలో కరివిరాల కొత్తగూడెం అన్నాచెల్లెళ్లు భీమిరెడ్డి నరసింహారెడ్డి, మల్లు స్వరాజ్యం ఇద్దరూ దళాల్లో పనిచేశారు. స్వరాజ్యం నేర్పు వేరు. బతుకమ్మ ఆడేటప్పుడు ఆడవాళ్లకు నోటికొచ్చిన ఉయ్యాల బాణీలోనే దొరల ఆగడాలు, సంగం కబుర్లు పాడేది. వేదిక, మైకు అక్కర్లేదు. వాకిట్లో నలుగురు ఆడవాళ్లు కూడితే సభ. ఆమె ఆత్మకథ పేరే 'నా మాటే తుపాకీ తూటా'. చదువు రాని జనానికి రాజకీయం చెప్పడంలో పెద్ద నాయకుల ఉపన్యాసాల కన్నా ఇదే ఎక్కువ పనిచేసిందనాలి.

1947 జూన్‌లో తాను స్వతంత్రుడిగా ఉంటానని నిజాం ప్రకటించడంతో దేశం ప్రశ్న ముందుకొచ్చింది. ఎర్రకోట మీద అసఫ్‌జాహీ జెండా ఎగరేస్తామని నిజాం పక్షాన నిలిచిన సాయుధ రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ గర్జించాడు. సెప్టెంబరు 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. దొర, రజాకారు, నిజాం ఒక్క గూటివాళ్లే, వెట్టి పోవాలంటే నిజాం పోవాలి, హైదరాబాద్ భారత్‌లో కలవాలి: ఇదీ వాళ్ల వాదం.

వెట్టి నుంచి దేశం ప్రశ్నకు చేరిన ఈ దారికి, అమెరికా అంతర్యుద్ధంలో అబ్రహాం లింకన్ వచ్చిన దారి తిరగేసి ఉంటుంది. 1862లోనూ తన మొదటి లక్ష్యం సమాఖ్యను కాపాడడమేనని ఆయన రాశాడు. బానిస విముక్తి ప్రకటన 1863 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అక్కడ తిరగబడ్డవాళ్లు బానిసల యజమానులు. ఇక్కడ తిరగబడింది వెట్టివాళ్లు, విముక్తి ముందు, దేశం తర్వాత.

1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు భారత సైన్యం హైదరాబాద్ మీద జరిపిన పోలీసు చర్యతో మాటల అర్థాలు తారుమారయ్యాయి. విలీనం కోరినవాళ్లే జనరల్ జె.ఎన్.చౌదరి సైనిక ప్రభుత్వం దృష్టిలో తిరుగుబాటుదారులు. నిజాంకు మాత్రం గవర్నర్‌తో సమానమైన రాజప్రముఖ్ పదవి దక్కింది. ఉద్యమ నాయకుల్లోనూ చీలిక వచ్చింది: ఇక ఆయుధం దించాలన్నది రావి నారాయణరెడ్డి మాట, దొరల నుంచి తీసుకుని పంచుకున్న భూమిని కాపాడుకోవాలంటే దళాలు ఉండాల్సిందేనని మరికొందరు. రెండో వాదంలో న్యాయం ఉంది గానీ, నిజాం మీద ఒక్కటైన జనాన్ని నెహ్రూ ప్రభుత్వం మీద అదే మాటతో నిలబెట్టడం సాధ్యం కాలేదు. మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచామని, నాలుగు వేల మందిని పోగొట్టుకున్నామని ఉద్యమ నాయకుల లెక్క. 1951 ఏప్రిల్ 18న అప్పటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావే భూమిని దానంగా అడిగారు. అక్టోబరులో పోరాటాన్ని విరమించారు.

తొలి సాధారణ ఎన్నికల్లో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పి.డి.ఎఫ్.) తరఫున నల్లగొండలో నిలబడిన రావి నారాయణరెడ్డి 3 లక్షలకు పైగా ఓట్లతో గెలిచారు. అవి నెహ్రూకు వచ్చిన ఓట్ల కన్నా ఎక్కువ. దళ నాయకుడు భీమిరెడ్డి నరసింహారెడ్డిని 1971లో మిర్యాలగూడ ఓటర్లు లోక్‌సభకు పంపారు. స్వరాజ్యం 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు.