శ్రీలంక పొదుపు చర్యలు: అప్పు ఎవరిది, కోత ఎవరికి?

2022 ఏప్రిల్ 12న శ్రీలంక ప్రభుత్వం విదేశీ అప్పులు ఇక కట్టలేమని ప్రకటించింది. 1948లో స్వాతంత్ర్యం వచ్చాక ఆ దేశం ఇలా చేతులెత్తేయడం అదే మొదటిసారి. అప్పటికి విదేశీ బకాయిలు 5,100 కోట్ల డాలర్లు. పెట్రోలు బంకుల ముందు రోజుల తరబడి లైన్లు, గ్యాస్ బండ కోసం రోడ్డు మీద నిద్ర, ఒక దశలో రోజుకు 13 గంటల కరెంటు కోత. జులైలో జనం అధ్యక్ష భవనంలోకి చొచ్చుకుపోయారు, గొటబాయ రాజపక్స దేశం వదిలి పారిపోయారు. టీవీల్లో అందరూ చూసిన కథ అంతవరకే. ఆ తర్వాత కెమెరాలు వెళ్లిపోయాయి, బిల్లులు మాత్రం రావడం మొదలైంది.

ఇంత దూరం ఎలా వచ్చింది? కరోనా వల్ల టూరిజం పడిపోయిన మాట నిజమే. అయితే అంతకు ముందే, 2019 డిసెంబరులో కొత్త ప్రభుత్వం పన్నులు భారీగా తగ్గించింది. వ్యాట్ 15 శాతం నుంచి 8కి దిగింది. ఆదాయపు పన్ను మినహాయింపు ఏడాదికి 5 లక్షల రూపాయల నుంచి ఒక్కసారిగా 30 లక్షలకు పెరిగింది. (ఇక్కడ రూపాయలంటే శ్రీలంక రూపాయలు.) ఖజానాకు వచ్చేది తగ్గింది, ఖర్చు తగ్గలేదు. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని నిషేధించారు. వరి, తేయాకు దిగుబడి దెబ్బతిన్నాక కొన్ని నెలలకు వెనక్కి తగ్గారు. ఇందులో ఏ నిర్ణయమూ గల్లీలో కిరాణా కొట్టు నడిపే మనిషి తీసుకున్నది కాదు.

ఐఎంఎఫ్ ఇచ్చింది ఎంత?

2023 మార్చి 20న ఐఎంఎఫ్ నాలుగేళ్లకు దాదాపు 300 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. శ్రీలంక ఐఎంఎఫ్ గడప తొక్కడం అది 17వ సారి. 5,100 కోట్ల బకాయి ముందు 300 కోట్లు ఏ మూలకు అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ డబ్బు కన్నా దాని వెంట వచ్చే సర్టిఫికెట్టుకే విలువ ఎక్కువ. ఐఎంఎఫ్ ఊ అంటేనే ప్రపంచ బ్యాంకు, ఏడీబీ కదులుతాయి. అప్పులిచ్చిన దేశాలు, బాండ్లు కొన్నవాళ్లు మాటలకు కూర్చుంటారు. కిస్తీ కిస్తీకి తనిఖీ ఉంటుంది. చెప్పిన షరతు నెరవేరకపోతే తర్వాతి కిస్తీ ఆగుతుంది.

ఐఎంఎఫ్ సంతకం కాకముందే షరతుల అమలు మొదలైంది. వ్యాట్ 2022లోనే 8 నుంచి 12కి, తర్వాత 15కి పెరిగింది. 2024 జనవరి 1న 18 శాతమైంది. అదే రోజు పెట్రోలు, డీజిల్, వంటగ్యాస్‌కు ఉన్న వ్యాట్ మినహాయింపు కూడా పోయింది. తొమ్మిదేళ్లుగా పెరగని కరెంటు చార్జీలు 2022 ఆగస్టులో సగటున 75 శాతం, 2023 ఫిబ్రవరిలో మళ్లీ 66 శాతం పెరిగాయి. సగటు అన్న మాట ఇక్కడ చాలా దాచేస్తుంది. నెలకు 30 యూనిట్లలోపు వాడే పేద ఇళ్లకు తొలి పెంపులోనే బిల్లు మూడు రెట్లు దాటింది. లీటరు 87 రూపాయలున్న కిరోసిన్ ఆ ఆగస్టులోనే 340 అయింది. చేపల పడవలు నడిచేది, కరెంటు లేని ఇళ్లలో దీపం వెలిగేది దానితోనే.

పై వర్గాలనూ వదల్లేదు. ఆదాయపు పన్ను మినహాయింపు 30 లక్షల నుంచి 12 లక్షలకు దిగింది, పై శ్లాబు 36 శాతానికి వెళ్లింది. 2023 మార్చిలో డాక్టర్లు, యూనివర్సిటీ లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు సమ్మెకు దిగారు. ప్రభుత్వ ఉద్యోగులకు శుక్రవారం సెలవిచ్చి, ఇంటి దగ్గర కూరగాయలు పండించుకోమన్నారు. జీతం లేని సెలవు మీద ఐదేళ్ల వరకు విదేశాలకు పోవచ్చన్నారు. 2022లో 3 లక్షల మందికి పైగా విదేశీ ఉద్యోగాలకు వెళ్లారు. అందులో పెద్ద భాగం కువైట్, ఖతర్, సౌదీలకే. కరీంనగర్, కడప ఇళ్లకు ఈ లెక్క వేరే చెప్పాల్సిన పని లేదు.

2023 మార్చి 9న జరగాల్సిన స్థానిక ఎన్నికలు కూడా డబ్బుల్లేవన్న కారణంతో ఆగిపోయాయి. అది పౌరుల హక్కుల ఉల్లంఘనేనని ఆ దేశ సుప్రీంకోర్టు 2024లో తేల్చింది. చివరికి ఆ ఎన్నికలు 2025 మే 6న జరిగాయి.

పీఎఫ్ మీద పడ్డ చెయ్యి

అన్నింటిలో తక్కువ మందికి అర్థమైనది, ఎక్కువ కాలం వెంటాడేది పీఎఫ్ వ్యవహారం. శ్రీలంకలోనూ మన ఈపీఎఫ్ లాంటిదే ఉంది. కార్మికుడి జీతంలో 8 శాతం, యజమాని వాటా 12 శాతం అందులో పడతాయి. ప్రభుత్వోద్యోగులకు పింఛను వేరే ఉంటుంది కాబట్టి ఈ నిధి ప్రధానంగా గార్మెంట్ ఫ్యాక్టరీల్లో, తేయాకు తోటల్లో, షాపుల్లో పనిచేసేవాళ్లది. ఆ డబ్బులో ఎక్కువ భాగం ప్రభుత్వ బాండ్లలోనే ఉంది. అంటే సర్కారుకు అప్పిచ్చినవాళ్లలో వీళ్లూ ఒకరు.

విదేశీ అప్పు తగ్గించమని అడిగేటప్పుడు సొంత దేశంలోని అప్పునూ కొంత తగ్గించుకుని చూపాలి. ఆ భారం ఎవరి మీద వేయాలన్న ప్రశ్నకు 2023 జూన్ చివర్లో జవాబు వచ్చింది. బ్యాంకులను వదిలేశారు. పీఎఫ్ నిధుల ముందు మాత్రం రెండు దారులు పెట్టారు. పాత బాండ్లు ఇచ్చేసి 2027 నుంచి 2038 మధ్య గడువు తీరే కొత్తవి తీసుకోవాలి. వాటికి వడ్డీ 2025 దాకా 12 శాతం, ఆ తర్వాత 9. లేదంటే నిధి ఆదాయంపై 14 శాతం ఉన్న పన్ను 30 అవుతుంది. ఇష్టం మీదే అన్నారు గానీ, రెండో దారిలో ఎవరు నడుస్తారు? జులై 1న పార్లమెంటు 122–62 ఓట్లతో దీన్ని ఆమోదించింది.

ప్రభుత్వం వాదనలో బలం లేకపోలేదు. బ్యాంకులు అప్పటికే మొండి బకాయిలతో, అధిక పన్నులతో సతమతమవుతున్నాయి. ఒక్కటి కూలినా డిపాజిటర్లు రోడ్డున పడతారు. సభ్యులకు కనీసం 9 శాతం వడ్డీ ఖాయమని హామీ కూడా ఇచ్చారు. చిక్కంతా ధరలతోనే. 2022 సెప్టెంబరులో కొలంబో ద్రవ్యోల్బణం 69.8 శాతం. ఖాతాలో 100 రూపాయలు 9 శాతం వడ్డీతో 109 అయ్యేలోపు, ఏడాది కిందట 100కు వచ్చిన సరుకుల ధర 170కి చేరింది. ఆ నష్టం ఎవరూ పూడ్చలేదు. దాని మీద పదిహేనేళ్ల తక్కువ వడ్డీ వచ్చి కూర్చుంది. పెద్ద డిపాజిట్లున్నవాళ్లు, బ్యాంకు షేర్లున్నవాళ్లు ఈ కోతలో లేరు.

మందు పనిచేసింది కదా అనేవాళ్లున్నారు. పనిచేసింది. 2023 జులైకల్లా ద్రవ్యోల్బణం ఒక అంకెకు దిగింది. 2024లో ఆర్థిక వ్యవస్థ 5 శాతం పెరిగింది. అస్వెసుమ పేరుతో పేద కుటుంబాలకు నగదు సాయం మొదలైంది. అయితే ప్రపంచ బ్యాంకు అంచనాలో 2021లో 13 శాతమున్న పేదరికం మరుసటి ఏడాదికే 25 శాతమైంది. అది ద్రవ్యోల్బణం దిగినంత తేలిగ్గా దిగేది కాదు.

ఇలాంటి గడప భారత్ కూడా తొక్కింది. 1991లో బంగారం విమానాల్లో పంపి తనఖా పెట్టింది. ఆ జూన్‌లో ప్రధాని అయిన పీవీ నరసింహారావు ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించి, ఎరువుల ధర పెంచింది. బహుశా ఆ జ్ఞాపకం కూడా ఉండే, 2022లో ఢిల్లీ కొలంబోకు సుమారు 400 కోట్ల డాలర్ల సాయం అందించింది.

పీఎఫ్ బాండ్ల మార్పిడిని గట్టిగా వ్యతిరేకించిన అనుర కుమార దిసానాయకే 2024 సెప్టెంబరులో అధ్యక్షుడయ్యారు. ఐఎంఎఫ్ ఒప్పందం మాత్రం అలాగే కొనసాగింది. శ్రీలంకలో మగవాళ్లు 55 ఏళ్లు నిండాక పీఎఫ్ తీసుకోవచ్చు. 2023లో 40 ఏళ్లున్న తోట కార్మికుడికి ఆ రోజు 2038లో వస్తుంది. కొత్త బాండ్లలో చివరిదాని గడువు తీరేదీ ఆ ఏడాదే.