వైమానిక సిబ్బంది – నిత్యకృత్యము

సైనిక విమానమును నడపుటకును, మార్గమును గణించుటకును, ఆయుధములను ప్రయోగించుటకును నియుక్తులైనవారు వైమానిక సిబ్బంది. విమానము మారినకొలది వీరి దినచర్యయు మారుచు వచ్చినది. మొదటి ప్రపంచ యుద్ధమున (1914–18) చోదకుడును పరిశీలకుడును పైకప్పులేని ఆసనములలో చలిగాలి కెదురొడ్డి పనిచేసిరి.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటిష్ వాయుసేనలో ఈ వృత్తి పరిపూర్ణత నొందెను. 1942 మార్చిలో రంగమున దిగిన నాలుగు ఇంజన్ల లాంకాస్టర్ బాంబరునందు పైలట్, ఫ్లైట్ ఇంజనీరు, నావిగేటరు, బాంబ్ ఎయిమరు, వైర్‌లెస్ ఆపరేటరు, ఇరువురు గన్నర్లు కలిసి ఏడుగు రుండిరి. శిక్షణకేంద్రమున వీరినందరిని ఒక విశాలమైన షెడ్డులో విడిచి, ఎవరి జట్టును వారే కూర్చుకొనుడని చెప్పుట ఆచారము; ఇంజనీరు మాత్రము తరువాతి దశలో వచ్చి చేరుచుండెను.

పగటివేళ విమానమును కొంతసేపు ఎగురవేసి పరికరములను పరీక్షించుట, పిమ్మట గోడమీది తెర తొలగగా పటమున ఆ రాత్రి గమ్యమును కనుగొనుట, రేషను దినములలో పౌరులకు దుర్లభమైన కోడిగ్రుడ్డును భుజించుట, పారాచూటు తీసికొని చీకటివేళకు విమానము చెంతకు చేరుట – ఇదియే వారి నిత్యక్రమము. నావిగేటరు తెరచాటున చిన్నదీపము క్రింద కూర్చుండి, ఆకాశమును చూడకయే పెన్సిలుతో దారి గీయుచుండెను. తోకభాగపు గన్నరు గంటలకొలది ఏకాకియై, విద్యుత్తుచే వేడెక్కు దుస్తులు ధరించియు గడ్డకట్టుచుండెను. ఐనను ఎదుటి ఫలకముమీది చిన్న మరక శత్రువిమానమని భ్రమింపజేయుటచే, పలువురు ఆ ఫలకమునే తొలగించుకొని, చలిని భరించియైనను చూపును నిలుపుకొనిరి. తిరిగివచ్చిన పిమ్మట వేడి టీ త్రాగుచు, అధికారుల ప్రశ్నలకు బదులుచెప్పినగాని నిద్ర లేదు. సామాన్యముగ ముప్పది దాడులైన పిదప విరామము లభించుచుండెను; కాని సుమారు 1,25,000 మంది బాంబరు సిబ్బందిలో 55,573 మంది మరణించిరి.

సముద్రముపై జలాంతర్గాములను వెదకు సండర్లాండ్ విమానమున వంటగదియు, పడకలును ఉండుటచే, పండ్రెండు గంటలు దాటు గస్తీలలో సిబ్బంది వంతులవారిగా వండుకొని, పరుండి, కాపలా కాచిరి. దాదాపు కొయ్యతోనే నిర్మితమైన మస్కిటోలో పైలటును నావిగేటరును ప్రక్కప్రక్కనే కూర్చుండి, ఏడుగురి పనిని ఇరువురే నెరవేర్చిరి.

యుద్ధానంతరము జెట్ విమానములు వచ్చి జట్టులు కుదించుకొనిపోయినవి. 1957లో భారత వాయుసేనలో చేరిన కాన్‌బెర్రా బాంబరును ఇరువురును, అటుపిమ్మట వచ్చిన మిగ్-21 యుద్ధవిమానమును ఒక్కడును నడపిరి.